సంతకానికి ముందు ఆ ‘లేదు’లు చదివారా?

ఆ సాయంత్రం టీ నీళ్లు పొయ్యి మీద పెట్టానో లేదో, వెనక వీధి అక్క గేటు తీసుకుని లోపలికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఓ ఇంగ్లీషు ఉత్తరం.

“జర ఇది చదివి చెప్పవా చెల్లే. మా పిల్లగాడు చదివిండు గని, ‘పైసలు ఇయ్యరంటమ్మా’ అని ఒక్క మాట చెప్పి బయటికి వొయ్యిండు” అంది.

మేముండేది అబ్దుల్లాపూర్‌మెట్‌లో, విజయవాడ హైవేకి కాస్త లోపలగా. అక్క వాళ్లాయన పండ్ల మార్కెట్టులో గుమాస్తా. 2021లో గడ్డిఅన్నారం మార్కెట్టు బాటసింగారానికి వచ్చేసరికి, వాళ్లు కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇటు వచ్చారు. రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా తీసుకున్నారు. ఈమధ్యే ఓ రాత్రి ఆయనకు గుండెలో నొప్పి వస్తే ఎల్బీనగర్ వైపు ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు స్టెంట్లు వేశారు. మూడు లక్షల అరవై వేల బిల్లు. బీమా ఉంది కదా, తరవాత వస్తాయిలే అని అక్క గాజులూ, నల్లపూసల గొలుసూ కుదువ పెట్టి కట్టేసింది.

ఉత్తరంలో ఉన్నది క్లుప్తంగా ఇదీ: మీ భర్తకు ఆరేళ్లుగా షుగరు ఉందని ఆసుపత్రి కాగితాల్లో ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ సంగతి మీరు దాచిపెట్టారు. అందుచేత క్లెయిమ్ ఇవ్వలేం.

“దాచిందెవరు చెల్లే? ఆరేండ్ల సంది గోలీలు మింగుతుండని ఆ డాక్టరమ్మకు చెప్పింది నేనే. డాక్టరు అడిగితే నిజం చెప్పకుంటె ఎట్ల?” అంది అక్క.

కవరులో పాలసీతోపాటు ప్రపోజల్ ఫారం నకలు కూడా ఉంది. అదే మనం కంపెనీకి పెట్టుకునే అర్జీ. అందులో ఓ పేజీ నిండా ప్రశ్నలు. షుగరుందా? బీపీ ఉందా? గుండె జబ్బు? కిడ్నీ? ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా? రోజూ వేసుకునే మందులున్నాయా? పైనుంచి కిందిదాకా ఒకే చేతిరాతతో ‘లేదు, లేదు, లేదు’. ఆ రాత ఏజెంటుది. అడుగున సంతకం మాత్రం అక్క వాళ్లాయనది.

“షుగరని రాస్తే పైసలు ఎక్కువ వడ్తయన్నడు. అందరికీ ఉండేదే గదా, రాయనక్కర లేదన్నడు. మనోడే గదా అని ఈయన సంతకం పెట్టిండు” అంది.

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

నమ్మకం మీద నడిచే బేరం

మనం చీర కొంటే అటూ ఇటూ తిప్పి చూసుకుంటాం. బంగారం కొంటే తూకం చూస్తాం. కొనేవాళ్లే జాగ్రత్తగా ఉండాలన్నది మామూలు వ్యాపార నీతి. బీమా అలా కాదు. మన ఒంట్లో ఏముందో మనకు తెలుసుగానీ కంపెనీకి తెలీదు. మనం చెప్పిందాన్ని నమ్మే వాళ్లు ధర కడతారు. అందుకే ఈ ఒప్పందంలో రెండు పక్షాలూ మామూలుకంటే ఎక్కువ నిజాయితీగా ఉండాలని చట్టం కోరుతుంది. ఇది నిన్నా మొన్నా పుట్టిన సూత్రం కాదు. 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి సుమత్రాలోని ఓ కోట బీమా తగాదాలో చెప్పిన మాట. ఇవాళ అబ్దుల్లాపూర్‌మెట్‌లో షుగరు మాత్రల దాకా అదే వచ్చి కూర్చుంది.

మన కోర్టులూ ఈ విషయంలో మెత్తగా లేవు. ఒకాయన 1990లో మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నాడు. షుగరూ, దానివల్ల దెబ్బతిన్న కిడ్నీలూ ఉన్నాయి. ఫారంలో మాత్రం ఆరోగ్యం బాగుందని ఉంది. ఆ ఏడాదే పోయాడు. భార్య సత్వంత్ కౌర్ సంధూ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. చివరికి 2009లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. ఫారంలో సూటిగా అడిగిన సంగతి, పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది దేన్నిబట్టి తేలుతుందో ఆ సంగతి, దాచకూడదంది. దాచింది ఆయన. కష్టం అనుభవించింది ఆమె. మన ఇళ్లల్లో ఎప్పుడూ జరిగేది ఇదేగా!

దీనికి ఎదురుగా ఇంకో కథ చూడండి. మన్‌మోహన్ నందా అనే ఆయన 2009లో అమెరికా వెళుతూ ప్రయాణ బీమా తీసుకున్నాడు. నాకు షుగరుందని ముందే చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే ఒళ్లంతా చెమటలు, నీరసం. ఆసుపత్రిలో మూడు స్టెంట్లు వేశారు. కంపెనీ ఏవో కారణాలు చెప్పి ఇవ్వనంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకే న్యాయం చేసింది. ఆయన షుగరు సంగతి చెప్పాడు, మీరు తెలిసే పాలసీ ఇచ్చారు, ఇప్పుడు ఆ జబ్బునే వంక చేసుకుని తప్పించుకోవడం కుదరదంది.

ఇద్దరికీ షుగరే. ఇద్దరికీ బీమానే. ఒకరిది ఫారంలో ఉంది, ఒకరిది లేదు. అంతే తేడా.

నా ఫారంలోనూ ఓ ‘లేదు’

అక్క వెళ్లిపోయాక నాకు అన్నం సయించలేదు. బీరువాలోంచి మా ఫైలు తీశాను. మా పాలసీకి ఇంకా మూడేళ్లు నిండలేదు. చేసింది మా మరిది వరసబ్బాయి. ఆరోజు హాల్లో మా అత్తగారు, మావారు, అతనూ కూర్చుని ఉంటే నేను వంటింటి గుమ్మంలో నుంచుని జవాబులు చెప్పాను. “వదినా, మీకేమైనా ఆరోగ్య సమస్యలా?” అని నవ్వుతూ అడిగాడు. “నాకేముంటాయి?” అని నేనూ నవ్వేశాను.

నిజానికి అంతకు ఏడాది ముందే స్కానింగులో గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. చిన్నదే, ఆరు నెలలకోసారి చూయించుకోండి అంది డాక్టరమ్మ. ఆ సంగతి మావారికి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తగారి ముందు, మరిది ముందు నెలసరి గురించీ, గర్భసంచి గురించీ ఎలా చెబుతాను? మావారూ మాట్లాడలేదు. ఆయనకీ మొహమాటమే. అతను ‘లేదు’ అని రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

కథలు రాసే మనిషిని. కాగితం మీద అక్షరానికి ఎంత బరువుంటుందో నాకు తెలుసని అనుకునేదాన్ని. నా పేరు కింద అబద్ధం ఉందని ఇన్నాళ్లూ గుర్తే లేదు!

ఆలోచించి చూడండి. మన ఆడవాళ్లలో ఎంతమందిమి ఇలా చేసి ఉంటాం? గర్భస్రావం అయిందన్న సంగతి, థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున మింగుతున్న సంగతి, నెల నెలా రక్తం ఎక్కువగా పోతున్న సంగతి… ఎవరో మగవాళ్లు హాల్లో కూర్చుని నింపుతున్న ఫారంలోకి ఎక్కవు. రేపు ఆపరేషన్ అవసరమైననాడు ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుంది.

మర్నాడు మావారితో గట్టిగానే చెప్పాను. ఇద్దరం కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాం, స్కానింగు రిపోర్టు జత చేశాం. పాలసీ రద్దు చేస్తారేమోనని భయపడ్డాన్నేను. చెయ్యలేదు. కొంత ప్రీమియం పెంచారు. ఆ గడ్డకు సంబంధించిన ఖర్చు మూడేళ్ల దాకా ఇవ్వమని రాశారు. కష్టమే. అయినా నాలుగో ఏడు నుంచి నాకు హక్కుంది. ముందున్న పాలసీలో ఉన్నది హక్కు కాదు, భ్రమ.

ఏదైనా అడగొచ్చా మరి?

ఇంతదాకా చదివి, అడిగిందల్లా చెప్పేయాలన్నమాట అనుకోకండి. ఇక్కడే ఇంకో మలుపు ఉంది.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ అయ్యాక ఓ చిన్న ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లింది. వాళ్లిచ్చిన ఫారం నాకు చూపించింది. రక్తం గ్రూపు, కంటి చూపు… సరే. ఆ తర్వాత ‘నెలసరి సక్రమంగా వస్తుందా? పెళ్లి ఎప్పుడు చేసుకోదలిచారు? పిల్లల విషయంలో మీ ఆలోచన?’ అని వరసగా గడులు.

“ఇవి కూడా నింపాలా పిన్నీ? మొన్న నువ్వే కదా నిజం చెప్పాలన్నావ్!” అంది.

అప్పుడు దానికి నీరా మాథుర్ కథ చెప్పాను. ఢిల్లీకి చెందిన ఆవిడ 1989లో ఎల్‌ఐసీలో అసిస్టెంటు ఉద్యోగానికి ఎంపికైంది. ఆడ అభ్యర్థులు నింపాల్సిన ఫారంలో నెలసరి నొప్పి లేకుండా సక్రమంగా వస్తుందా, ఆఖరుసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం అయిందా అని అడిగారు. ఆవిడ నింపింది. లేడీ డాక్టరు పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉందన్నారు. ఉద్యోగంలో చేరింది. డిసెంబరులో ప్రసూతి సెలవు అడిగింది, 1990 జనవరిలో కాన్పయింది. ఫిబ్రవరిలో ఉద్యోగం తీసేశారు! ప్రొబేషన్‌లో ఉందిగా, కారణం చెప్పక్కర్లేదనుకున్నారు. కోర్టుకెళితే, ఆఖరి నెలసరి తేదీ తప్పుగా రాసిందన్నారు.

1991లో సుప్రీంకోర్టు ఆవిణ్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది. అంతటితో ఆగలేదు. ఒక స్త్రీని ఇలాంటి ప్రశ్నలు అడగడం ఆమెను సిగ్గుపడేలా, చిన్నబుచ్చేలా ఉందని, ఆ గడుల్ని ఫారంలోంచి తీసెయ్యమని చెప్పింది. చూశారా, తేదీ తప్పు రాసిందా లేదా అన్నదానికంటే, అసలు ఆ తేదీ అడిగే హక్కు మీకెక్కడిదన్నదే పెద్ద ప్రశ్న అయింది.

మరి బీమా వాళ్లు గర్భం గురించీ కాన్పుల గురించీ అడుగుతారు కదా అంటారేమో. అడుగుతారు. అక్కడ బేరమే మన ఒంటి మీద. ఉద్యోగంలో బేరం మన పని మీద. లారీ నడిపే మనిషిని కంటి చూపు అడగొచ్చు. లెక్కలు రాసే పిల్లని నెలసరి ఎందుకడగాలి? ఒప్పందం దేనిగురించో, ప్రశ్న దానిగురించే ఉండాలి. నాకు తోచిన కొలబద్ద ఇదే.

ఈ గొడవ పాతకాలంతో పోయిందనుకోవడానికీ లేదు. 2021 చివర్లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఓ ఉత్తర్వు తెచ్చింది. మూడు నెలలు దాటిన గర్భిణి ఉద్యోగానికి ఎంపికైతే, తాత్కాలికంగా అనర్హురాలని, కాన్పయిన నాలుగు నెలలకు చేరవచ్చని. మహిళా సంఘాలు భగ్గుమన్నాయి. ఢిల్లీ మహిళా కమిషన్ నోటీసిచ్చింది. 2022 జనవరిలో బ్యాంకు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. అడిగినవాళ్లుంటేనే ఆగుతాయి ఇవి. అలాగే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగమనడం, వైద్యమనడం, చదువనడం చెల్లదని 2017లో వచ్చిన చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది.

మా పిల్ల ఆ గడులు ఖాళీగా వదిలి, ‘ఉద్యోగానికి సంబంధం లేదు’ అని పక్కన రాసి ఇచ్చింది. అబద్ధం రాయలేదు. అదీ నాకు నచ్చింది. ఉద్యోగం వచ్చిందా అంటే, ఆ ఆఫీసులో రాలేదు. ఇంకోచోట వచ్చింది.

ఫారం లేని ఒప్పందం

ఇన్ని ఫారాల గురించి చెప్పుకున్నాం గానీ, ఏ ఫారమూ లేకుండా మనం చేసే అతి పెద్ద ఒప్పందం పెళ్లి. జాతకాలు చూస్తాం, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా ఆరా తీస్తాం. మూర్ఛ ఉందనో, కిడ్నీ జబ్బుందనో చెబితే సంబంధం తప్పిపోతుందని మాత్రం నోరు మూసుకుంటాం. పెళ్లికి ఒప్పించడానికి అవతలివాళ్ల గురించిన ముఖ్యమైన సంగతి మోసంతో దాచారని రుజువైతే పెళ్లి రద్దు కోరే వీలు హిందూ వివాహ చట్టంలో ఉంది. సంగతి తెలిసిన ఏడాదిలోగా కోర్టుకెళ్లాలి. కానీ కోర్టు దాకా పోయాక మిగిలేదేముంది? మందులతో కుదుటపడే జబ్బని ముందే చెబితే, ఒప్పుకునే కుటుంబాలూ ఉన్నాయి. నా కళ్లతో చూశాను.

కాగితం ముందుకొచ్చినప్పుడు

అక్క పని మీద తిరుగుతూ నేను నేర్చుకున్నవి నాలుగు మాటల్లో చెబుతాను. కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటే మంచిదే.

ఫారం మీరే నింపండి. రాకపోతే పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పించుకుని జవాబివ్వండి. ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో ఎవరో ఫోను మీద నొక్కుతుంటే, ‘సరే’ అన్న ఓటీపీ కూడా సంతకమే.

ఆడవాళ్ల ఆరోగ్యం సంగతులు హాల్లో నలుగురి మధ్య చెప్పక్కర్లేదు. ఆ పేజీ విడిగా తీసుకుని మీరే రాసివ్వండి. మరిదికి చెప్పడానికి సిగ్గు ఉండొచ్చు. కాగితానికి సిగ్గు లేదు.

వాడే మందులు, చేయించుకున్న ఆపరేషన్లు, రిపోర్టుల తేదీలు ఓ నోటు పుస్తకంలో రాసి ఉంచండి. ఆసుపత్రిలో చెప్పేదీ ఫారంలో రాసేదీ ఒకటే అయి ఉండాలి.

పాలసీ చేతికొచ్చాక ప్రపోజల్ ఫారం నకలు వచ్చిందా చూసుకోండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కిచ్చేసే వీలుంది.

కాలం కూడా మనకు కొంత రక్ష. జీవిత బీమా పాలసీని మూడేళ్లు నిండాక ఏ కారణం చూపించీ ప్రశ్నించకూడదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. 2015కి ముందు ఈ గడువు రెండేళ్లే ఉండేది గానీ, మోసమంటే ఆ తర్వాతా అడ్డుపడేవారు. మూడేళ్లలోపు మోసం ఉద్దేశం లేకుండా ఏదైనా సంగతి చెప్పలేదని పాలసీ కాదంటే, కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగివ్వాలి. ఆరోగ్య బీమాలో, వరసగా 60 నెలలు కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న వంకతో క్లెయిమ్ కాదనకూడదు. ముందే ఉన్న జబ్బుకు ఆగమనే కాలం 36 నెలలు మించకూడదు. ఈ రెండూ 2024లో తెచ్చిన మార్పులు. అయితే ఒక సంవత్సరం కట్టడం మానేశారో, కథ మళ్లీ మొదటికొస్తుంది. రెన్యువల్ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి.

క్లెయిమ్ కాదంటే అక్కడితో వదిలెయ్యకండి. ముందు కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల లోపల జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. హైదరాబాదులో ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే తిన్నగా దింపుతుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తగాదాలు చూస్తారు. కంపెనీ కాదన్న ఏడాదిలోగా వెళ్లాలి. వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది.

అక్కా నేనూ ఆ పనే చేశాం. ఏజెంటుకు షుగరు సంగతి చెప్పామని అక్క ఎంత మొత్తుకున్నా, చెప్పినట్టు రుజువేదీ లేదు. ఏజెంటు నాకు తెలీదన్నాడు. డబ్బు రాలేదు. గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. రాలేదని మీకు చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. కానీ చివర్లో అంతా సుఖాంతం చెయ్యడానికి ఇది నా కథ కాదుగా.

మొన్న అక్క తన పేరనా, పిల్లగాడి పేరనా కొత్త పాలసీకి ఫారం తెప్పించింది. ఈసారి వేరే ఏజెంటు, ఓ అమ్మాయి. నన్ను కూడా రమ్మంది. అమ్మాయి ప్రశ్న చదువుతోంది, అక్క జవాబు చెబుతోంది, పిల్లవాడు రాస్తున్నాడు. బీపీ దగ్గరకొచ్చేసరికి, “ఆంటీ, మొదట్లోనే ఉన్న బీపీ కదా, దీన్ని…” అని ఆ అమ్మాయి ఏదో అనబోయింది.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “రాయి బిడ్డా. రెండేండ్ల సంది గోలీ ఏసుకుంటుందని రాయి. పైసలు ఎక్కువైతె అయినయి. ఈపారి నా సంతకం కింద నా మాటే ఉండాలె.”